నాలుగో గేరు పడేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, వేగం పెరగడం లేదు: గేరుబాక్స్ పోయినట్టేనా?

ప్రశ్న (విశాఖపట్నం):
మాది పాత పెట్రోలు సెడాన్, ఆటోమేటిక్. లక్ష కిలోమీటర్లు దాటింది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 2,000 నుంచి 3,500కు లేచింది, వేగం మాత్రం 50 దగ్గరే ఆగిపోయింది. కాలు తీసి మళ్లీ తొక్కితే అప్పుడు పట్టుకుంది. పొద్దున్నే రివర్స్ వేస్తే కాసేపు ఆగి, కుదుపుతో కదులుతోంది. ఒక వర్క్‌షాపులో బండి ఒక చుట్టు తిప్పి చూసి గేరుబాక్స్ మొత్తం మార్చాలన్నారు. అంత డబ్బు పోసే ముందు నేను చూడాల్సినవి ఏమిటి?

జవాబు 1 (హైదరాబాద్):
ముందు మీది ఏ రకం ఆటోమేటిక్ అన్నది చెప్పండి. సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) అయితే ముల్లు ముందు లేచి వేగం తర్వాత అందుకోవడం చాలావరకు దాని తీరే. ఏఎంటీ (మామూలు గేరుబాక్స్‌లోనే గేర్లు వాటంతటవే మారే రకం) అయితే మామూలు క్లచ్ ప్లేటు అరిగి ఉండవచ్చు, దానికి ఖర్చు చాలా తక్కువ.

ప్రశ్న అడిగినవారు:
టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్స్‌కు అందించే రకం) అండి. గేరుబాక్స్ ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ కూడా ఉంది.

జవాబు 2 (విజయవాడ ఆటోనగర్, గేరుబాక్స్ మెకానిక్):
డిప్‌స్టిక్ ఉన్న బండికి ఆయిల్ కూడా చూడకుండా గేరుబాక్స్ మార్చమనడం నాకు మింగుడుపడదు. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, ప్లేట్లు జారుతాయి. మంచి ప్లేట్లు కూడా అలా జారీ జారీ కాలిపోతాయి. అందుకే దయచేసి ఈ వారం ఘాట్ రోడ్డు జోలికి వెళ్లకండి.

బండిని ఓ అరగంట నడిపి చదునైన చోట ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి, లివర్‌ను అన్ని స్థానాల్లోనూ కాసేపు ఉంచి మళ్లీ పార్క్‌లోకి తెండి. చాలా బండ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే లెవెల్ చూడాలి, మీ మాన్యువల్‌లో ఎలా ఉందో సరిచూసుకోండి. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి తీసి, 'హాట్' గీతల మధ్య ఉందేమో చూడండి. ఆ చుక్కను తెల్ల కాగితంపై వేయండి. ఎరుపుగా ఉంటే సంతోషం. నల్లగా మారి మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని గేరుబాక్స్ ఆయిల్ కూలర్ లీకై కూలెంట్ కలిసింది. ఆ బండిని ఇక స్టార్ట్ చేయవద్దు.

తర్వాత గేరుబాక్స్ కంప్యూటర్‌ను చదవగల స్కానర్ పెట్టించండి. ఇంజిన్ లైటు వెలగకపోయినా లోపాన్ని సూచించే కోడ్ అందులో ఉండవచ్చు. అన్ని గేర్లూ జారితే లెవెల్, ఫిల్టర్, పంపు వైపు చూడాలి. ఒక్క గేరే జారితే ఆ గేరు క్లచ్‌నో సోలినాయిడ్‌నో (ఆయిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ వాల్వ్) అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. లెవెల్ కింది గీతకన్నా తక్కువే ఉంది. రంగు ముదురు ఎరుపు, మాడిన వాసన లేదు. రేడియేటర్ దగ్గర కూలర్ పైపు జాయింటు జిడ్డుగా, దుమ్ము పట్టి ఉంది. కోడ్ పీ0734.

జవాబు 2:
మంచి మాట చెప్పారు. పీ0734 అంటే నాలుగో గేరు నిష్పత్తి (గేరుబాక్స్‌లోకి వెళ్లే వేగానికి, బయటికొచ్చే వేగానికి ఉండాల్సిన లెక్క) కుదరడం లేదని అర్థం. ఏ భాగం పోయిందో అది చెప్పదు, కాబట్టి కోడ్ చూపించి గేరుబాక్స్ అమ్మజూపితే ఒప్పుకోకండి. ముందు ఆ జాయింటు లీకు ఆపించండి. మాన్యువల్‌లో రాసిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్స్ ఆయిల్) మాత్రమే కొద్దికొద్దిగా పోస్తూ లెవెల్ చూడండి, ఎక్కువైతే నురగ కట్టి మళ్లీ జారుతుంది. కోడ్ చెరిపి చదును రోడ్డు మీద నడపండి. నాలుగో గేరు ఇంకా జారితే గేజ్ పెట్టి లైన్ ప్రెషర్ (గేరుబాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడి) కొలిపించండి. ఒత్తిడి సరిగా ఉండి సోలినాయిడ్లు, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఆయా క్లచ్‌లకు మళ్లించే భాగం) బాగున్నాయని తేలాకే బాక్స్ దింపే మాట. రివర్స్ ఆలస్యం కూడా లెవెల్ సరిచేశాక తగ్గిందో లేదో రాయండి. తగ్గకపోతే లోపలి సీళ్లు గట్టిపడి ఉండవచ్చు.