నిలువ నీడ లేనివారి వసతి గృహంలో గదులా, ఒకే హాలా?

పెన్నా_ఒడ్డు: నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర అరుగుల మీద పడుకునేవాళ్లను రోజూ చూస్తున్నాం. కేంద్రం 2013లో తెచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనలు లక్ష జనాభాకు 100 మందికి శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలన్నాయి. నా మాట ఒకటే: పెద్ద హాలు వద్దు. నలుగురికో గది, మనిషికో తాళం వేసుకునే పెట్టె ఇవ్వాలి.

మూలాపేట_మేస్త్రి: గోడలు పెరిగితే గాలి ఆడదు. మే నెలలో నలుగురూ ఆ గదిలో ఉడికిపోతారు. హాలయితే ఒక్క కాపలా మనిషి అందరినీ కనిపెట్టగలడు.

పెన్నా_ఒడ్డు: తాళం సంగతి చెప్పండి. మా మేనమామ ఇల్లు విడిచిపోయి అలాంటి హాలులోనే పడుకున్నాడు. తలకింద సంచి తెల్లారేసరికి లేదు. అందులో ఆధార్, బ్యాంకు పుస్తకం, కళ్లజోడు. మర్నాటి నుంచి మళ్లీ ప్లాట్‌ఫారమే.

ఒంగోలు_గిత్త: తాళంచెవి పోతే?

మూలాపేట_మేస్త్రి: అదీ ప్రశ్న. ఒక హాస్టలుకు తాళాల అలమరలు చేయించాను. నెల తిరగకుండానే సగం విరగ్గొట్టారు. నా బిల్లు ఇంకా రాలేదు.

పెన్నా_ఒడ్డు: మీ బిల్లుకూ దీనికీ ఏమిటి సంబంధం?

కోవూరు_అక్క: ఇద్దరూ తాళం దగ్గరే ఆగిపోయారు. మరుగుదొడ్డి హాలు చివర చీకట్లో పెట్టి, దానికి గొళ్లెం లేకపోతే ఏ ఆడమనిషీ రాదు. చంటిబిడ్డ తల్లిని ఎక్కడ పడుకోబెడతారు?

పెన్నా_ఒడ్డు: మేస్త్రిగారికి వాళ్లు మనుషుల్లా కనబడితే కదా!

మూలాపేట_మేస్త్రి: నోరు అదుపులో పెట్టుకోండి. నా దగ్గర కూలీలు వానకు కారే రేకుల గదికి అద్దె కడుతున్నారు. వాళ్లకు లేని గది వీళ్లకు ఊరికే ఇస్తే ఇక అక్కడి నుంచి కదులుతారా?

పెన్నా_ఒడ్డు: గాలి, తాళం అంటూ ఇంతసేపు దాచిన మాట ఇదన్నమాట. కదిలి ఎక్కడికి పోవాలి? అడ్వాన్సు లేనివాడికి గది ఎవరిస్తారు? ఫిన్లాండ్ 2008 నుంచి ముందు ఇల్లిచ్చి, తాగుడూ పనీ తర్వాత చూస్తోంది.

మూలాపేట_మేస్త్రి: ఆ దేశమంతా కలిపినా మన పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల జనం లేరు. అక్కడి లెక్క ఇక్కడికి తేకండి.

కోవూరు_అక్క: బస్టాండులో పూలమ్మే ఒకామెను అడిగాను. గదీ వద్దు, హాలూ వద్దు, మిగిలిన పూలు తడిగుడ్డలో పెట్టుకునే చోటు చాలంది. చివరి బస్సు పోయాకగాని బేరం వదలదు. తొమ్మిదికే గేటు వేస్తే ఆమె ఎలా వస్తుంది?

మూలాపేట_మేస్త్రి: గేటు వేయకపోతే కాపలా ఎవరు?

పెన్నా_ఒడ్డు: రోజంతా తెరిచి ఉండాలని, షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు సంరక్షకులు ఉండాలని ఆ మిషన్ నిబంధనల్లోనే రాశారు.

మూలాపేట_మేస్త్రి: ముందు ఆ ముగ్గురినీ చూపించండి. గోడల సంగతి తర్వాత మాట్లాడదాం.

ఒంగోలు_గిత్త: మరుగుదొడ్డి గొళ్లేనికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నట్టేనా?