అందరిదీ ఒకే మిద్దె, సోలార్ ఎలా పెట్టించుకోవాలి?

తిరుపతి శివార్లలో మూడంతస్తుల బ్లాకు మాది. మిద్దె ఉమ్మడిది, మీటర్లు ఎవరివి వాళ్లవి. ఎక్కువమంది కూలి పనులకు పోయేవాళ్లే. సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు కేంద్రం 60 వేల సబ్సిడీ ఇస్తుంది, కానీ అది సొంత మిద్దె ఉన్నవాళ్లకు సులువుగా కుదిరే లెక్క. అసోసియేషన్ పేరుతో అయితే కిలోవాటుకు 18 వేలే, అదీ మోటారు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి వాడకానికి. మాకు లిఫ్టే లేదు, ఇంక ఉమ్మడి కరెంటు ఎంత కాలుతుంది!

ఒకే ప్లాంటు పెట్టి, వచ్చిన యూనిట్లను ఇంటింటి బిల్లులో తగ్గించుకునే వర్చువల్ నెట్ మీటరింగ్ మా వైపు కరెంటు ఇచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్ పరిధిలో ఎవరైనా చేయించుకున్నారా? దరఖాస్తు ఎవరి పేరున పెట్టారు? సబ్సిడీ పడేది ప్లాంటు నడిచాకే కదా, ముందు డబ్బు ఎలా సర్దుకున్నారు? బాడుగకున్నవాళ్ల వాటా సంగతేంటి? చిత్తూరు వాళ్లయినా సరే, చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.