తెలుగు బైబిలులో "యెహోవా": ఉంచాలా, మార్చాలా?

గుణింతం:
కొత్త అనువాదం మాట వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తుంది, కానీ ఎవరూ చివరిదాకా మాట్లాడరు. హీబ్రూ పాత నిబంధనలో దేవుని పేరు నాలుగు హల్లులు: యోద్, హే, వావ్, హే. సుమారు 6,800 సార్లు వస్తుంది. మన పాత తెలుగు బైబిలు దానికి "యెహోవా" అని పెట్టుకుంది. అది ఆ పేరు అసలు పలుకు కాదు, మార్చాలి అని నా వాదన.

హీబ్రూలో అక్షరాలంటే హల్లులే. మనం "క" రాస్తే అందులో "అ" ఉంటుంది, వాళ్లకు అది కూడా ఉండదు. అచ్చుల గుర్తులు చాలా తరవాత వచ్చాయి. తిబేరియలోని మసోరెతులనే పండితులు 7–10 శతాబ్దాల మధ్య చుక్కలు, గీతలుగా వాటిని స్థిరపరిచారు. అప్పటికే యూదులు ఆ పేరు పలకడం మానేసి కొన్ని వందల ఏళ్లయింది. అది కనబడ్డచోట "అదొనాయ్", అంటే "ప్రభువు" అని చదివేవారు. చదివేవాడు పొరబడకుండా అదొనాయ్ గుణింతాన్ని ఈ హల్లులకు తగిలించారు. రాసింది కెతీవ్, చదివేది కెరే. ఒక మాట హల్లులకు ఇంకో మాట అచ్చులు కలిపి చదివితే వచ్చిందే "యెహోవా".

సీయోను_బాట:
వందనాలు బ్రదర్. అదొనాయ్ మొదటి అచ్చు "అ". యెహోవాలో మొదటిది "యె". మీరు చెప్పిందే నిజమైతే "యహోవా" రావాలి కదా. ముందు దీనికి జవాబు చెప్పండి, మిగతావి తరవాత.

గుణింతం:
అదొనాయ్ మొదటి అక్షరం ఆలెఫ్. అది గొంతు అక్షరం. గొంతు అక్షరం కింద ఉత్త షేవా, అంటే నిలువుగా రెండు చుక్కలు, సరిపోదు. పక్కన ఇంకో అచ్చు గుర్తు చేరాలి, అందుకే "అ" వినబడుతుంది. యోద్ గొంతు అక్షరం కాదు, దానికి ఉత్త షేవా చాలు. మీరు "యె" అంటున్నది ఆ షేవానే.

చుక్కాని:
ఈ పద్ధతి ఈ పేరు ఒక్కదానికే కాదు. యెరూషలేము పేరు కూడా దాదాపు అన్నిచోట్లా చివరి యోద్ లేకుండా రాసి, "యెరూషలాయిమ్" అని చదువుతారు.

సీయోను_బాట:
నియమం బాగానే చెప్పారు. మరి యెహోషువ, యెహోషాపాతు, యెహోయాకీము? ఆ పేర్లలో ఉన్నది దేవుని పేరే. వాటికి అదొనాయ్‌తో పని లేదు. అయినా "యెహో" అనే ఉంది. ఇంకో సంగతి. 1008లో చేత్తో రాసిన హీబ్రూ బైబిలైన లెనిన్‌గ్రాడ్ ప్రతిలో ఆ పేరు మీద చాలాచోట్ల "ఓ" గుర్తే లేదు. అదొనాయ్ గుణింతమే తగిలిస్తే "ఓ" ఎందుకు వదిలేశారు?

గుణింతం:
"ఓ" లేనిచోట అది "షెమా" గుణింతం అనేవారున్నారు. షెమా అంటే అరామిక్‌లో "ఆ పేరు". అదైనా బదులు మాటే. ఇక యెహోషువ సంగతి. అదే దేవుని పేరు మనుషుల పేర్ల చివర వస్తే యెషయాహు, యిర్మెయాహు అని "యాహు" అవుతుంది. హల్లెలూయాలో "యా" మిగులుతుంది. మాట పొడుగై ఊనిక చివరి వైపు జరిగితే మొదటి అచ్చు కుదించుకుపోతుంది. కాబట్టి పేరు మొదట్లోని ముక్కను బట్టి పూర్తి పేరు పలుకు తేల్చలేం.

ఇప్పుడు రెండు వచనాలు దగ్గరగా చూడండి. "నుండి" అనే "మిన్" నామవాచకం ముందు చేరితే "మి" అవుతుంది, గొంతు అక్షరం ముందైతే "మే" అవుతుంది. ఆదికాండము 49:10లో "యూదా నుండి" అన్నది "మీహూదా". కీర్తన 37:23లో "యెహోవా నుండి" అన్నచోట గుర్తు "మి" కాదు, "మే". రెండు మాటల్లోనూ ముందు యోద్, వెంటనే హే. ఆ పేరును యోద్‌తోనే పలికి ఉంటే రెండు చోట్లా "మీ" రావాలి. "మే" వచ్చిందంటే చదివేవాడి నోట్లో గొంతు అక్షరంతో మొదలయ్యే మాట ఉంది. అది అదొనాయే.

ఆదికాండము 15:2 ఇంకా స్పష్టం. అక్కడ "అదొనాయ్" ముందే ఉంది, వెంటనే ఈ పేరు. అదొనాయ్ అదొనాయ్ అనలేక అక్కడ "ఎలోహీం", అంటే "దేవుడు", అని చదివారు. గుర్తులు కూడా ఎలోహీంవే. నిజంగా ఆ పేరు అచ్చులే అయితే పక్క మాటను బట్టి మారతాయా?

లేఖనశాల:
మీ ఇద్దరూ గుర్తుల దగ్గరే ఆగిపోయారు. యూదుల సమాజమందిరంలో చదివే తోరా, అంటే మోషే ఐదు పుస్తకాల, చుట్టలో అసలు ఆ గుర్తులే ఉండవు. 304,805 అక్షరాలు, ఒక్క అచ్చు గుర్తు లేదు. గుర్తులు పెట్టిన చుట్ట ఆరాధనలో చదవడానికి పనికిరాదు.

రాసే పద్ధతి చూడండి. శుద్ధమైన జంతువు తోలు మీద, మాచికాయ రసం, బంక, అన్నభేది లాంటి లవణం కలిపిన సిరాతో రాస్తారు. మామూలు మాటలో తప్పు వస్తే సిరా ఎండాక కత్తితో గీకి మళ్లీ రాయొచ్చు. దేవుని పేరు దగ్గరికి వచ్చేసరికి లేఖకుడు ఆగి, ఆ పేరు పవిత్రత కోసం రాస్తున్నానని నోటితో చెప్పి, అప్పుడు రాస్తాడు. ఆ పేరు రాస్తుండగా రాజు పలకరించినా బదులు చెప్పకూడదు. రాయకూడని చోట ఆ పేరు పడితే గీకడానికి వీల్లేదు. ఆ తోలు పలక మొత్తం తీసి గెనిజాలో, అంటే వాడకూడని పవిత్ర ప్రతులు దాచే చోట, దాచి, కొత్త పలక రాసి నరపు దారంతో కుట్టాలి.

ఈ జాగ్రత్త మసోరెతుల కంటే చాలా పాతది. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన హబక్కూకు వ్యాఖ్యానంలో మిగతా అంతా ఆనాటి లిపిలో ఉంటే, ఆ పేరు ఒక్కటే పాత హీబ్రూ లిపిలో ఉంది. అక్కడే దొరికిన సమాజ నియమావళి అనే చుట్టలో యెషయా 40:3 ఎత్తి రాసిన చోట పేరుకు బదులు నాలుగు చుక్కలే పెట్టారు.

సీయోను_బాట:
మీరంతా కలిసి చెప్పేది ఒకటే, మేం ఇన్నాళ్లూ చేసిన ప్రార్థన తప్పు అని. చదవడం రాని వాళ్లు "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" నోటికి నేర్చుకుని, దాన్నే పట్టుకుని బతికారు. ఇప్పుడు షేవా, ఆలెఫ్ అని వాళ్ల నోటిమాట దిద్దుతారా? ఊళ్లో "మీ దేవుడి పేరు మీకే తెలీదట" అని వెక్కిరించేవాళ్ల చేతికి మాట అందిస్తున్నారు.

గుణింతం:
ఇది అన్యాయం అండీ. వ్యాకరణం అడిగింది మీరు. జవాబు వచ్చాక అమ్మమ్మల ప్రార్థన అడ్డం పెడుతున్నారు. ప్రార్థన తప్పని నేనెక్కడా అనలేదు. ముద్రణలో ఉన్న రూపం తప్పన్నాను.

సీయోను_బాట:
అయితే ఏం పెడతారో చెప్పండి.

గుణింతం:
"యావే". సమరయులు "ఇయాబే" అని పలుకుతారని 5వ శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ గ్రీకులో రాసి పెట్టాడు. "యా", "యాహు" ముక్కలతోనూ అది పొసుగుతుంది.

లేఖనశాల:
మన అసలు తేడా ఇక్కడుంది. మీరిద్దరూ ఆ పేరు ఎలా పలకాలని కొట్లాడుతున్నారు. నేను పలకకూడదంటున్నాను. యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు పలికితే జనం సాగిలపడేవారు. క్రీ.శ. 70లో ఆలయం పోయింది. ఆ గ్రంథాన్ని మోసుకొచ్చిన యూదులు ఇప్పటికీ ప్రార్థనలో అదొనాయ్, మామూలు మాటల్లో "హాషెమ్", అంటే "ఆ పేరు", అంటారు. వాళ్ల దృష్టిలో యెహోవా పొరపాటు, యావే అయితే తెలిసి చేసిన అతిక్రమణ. 2008లో వాటికన్ కూడా ఆరాధనలో "యావే" వాడవద్దని లేఖ ఇచ్చింది. "ప్రభువు" పెట్టండి.

చుక్కాని:
ఇంగ్లీషులో ఆ పేరు ఉన్నచోట "లార్డ్" అన్నదాన్ని పెద్దబడి అక్షరాల్లో అచ్చు వేసి తేడా చూపిస్తారు. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు. ఎలా చూపిస్తారు?

సీయోను_బాట:
అదీ ప్రశ్న. కీర్తన 110:1లో హీబ్రూలో రెండు వేరు మాటలు: ఆ పేరు ఒకటి, "నా ప్రభువు" ఒకటి. గ్రీకులో రెండూ "కురియోస్", అంటే "ప్రభువు", అయి, ఎవరు ఎవరితో అంటున్నారో విడదీసి చెప్పాల్సి వచ్చింది. "మీ", "మే" తేడా నేను ఒప్పుకున్నాను బ్రదర్, ఆ సంగతి నాకు కొత్త. కానీ ప్రభువు అన్నది పదవి. పేరు తీసి పదవి పెడితే మా చేతిలో ఏం మిగులుతుంది? ఆదికాండము 15:2 మీ పద్ధతిలో రాసి చూపించండి. "ప్రభువైన ప్రభువు" అంటారా?

లేఖనశాల:
"ప్రభువైన దేవుడు". మసోరెతులు అక్కడ ఎలోహీం గుర్తులు పెట్టింది అందుకే.

సీయోను_బాట:
ఆదికాండము 2:4లో ఆ పేరు ముందు, ఎలోహీం తరవాత. అక్కడా "ప్రభువైన దేవుడు" అనే వస్తుంది. రెండు చోట్లా హీబ్రూలో ఉన్నవి వేరు. వినేవాడికి ఎలా తెలుస్తుంది?

లేఖనశాల:
సమాజమందిరంలో వినేవాడికీ రెండూ "అదొనాయ్ ఎలోహీం" అనే వినబడతాయి. చుట్ట చూస్తున్నవాడికే తేడా తెలుస్తుంది.

సీయోను_బాట:
మా సంఘాల్లో చూసి చదివేవాళ్ల కంటే వినేవాళ్లే ఎక్కువ బ్రదర్.