పిడుదులను పూర్తిగా చంపాలా? దూడలకు కొన్ని కరవనివ్వాలా?

కొత్తపాడి: మేం పిడుదు కనబడితే చాలు, మందు కొట్టేస్తాం. ఈమధ్య ఒక పెద్దాయన "దూడలను కాస్త కరవనివ్వండి, లేకపోతే పెద్దయ్యాక కాఫీ రంగు మూత్రం పోసి పడిపోతాయి" అన్నారు. రోగం మోసుకొచ్చేదాన్ని చేజేతులా ఉంచుకోవడమేమిటండీ?

మందకాపరి: పెద్దాయన ఉత్తినే అనలేదు. ఆ మూత్రం పిడుదులు మోసే బబేసియా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. కానీ చిన్న దూడ దాన్ని బాగా తట్టుకుంటుంది. ముర్రుపాలతో తల్లి నుంచి కొంత రక్షణ వస్తుంది, పైగా సుమారు 9 నెలల దాకా దానికి సహజంగానే నిరోధం ఉంటుంది. ఆ వయసులో సోకితే చాలావరకు పైకి తెలియదు, రక్షణ మాత్రం ఏళ్లపాటు నిలుస్తుంది. పిడుదులు లేని చోటి నుంచి కొనుక్కొచ్చిన పెద్ద ఆవును చూడండి, మందలో ముందు పడిపోయేది అదే. అరకొరగా మందు కొడితే ఇంకా ప్రమాదం, కొన్ని దూడలకు చిన్నప్పుడు సోకకుండా మిగిలిపోతుంది.

వాదనప్రియ: ఈ 'కరవనివ్వండి' మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏ పిడుదులో ఏముందో కంటికి కనబడుతుందా? హయలోమా అనే రకం పిడుదు థైలేరియా అనే మరో పరాన్నజీవిని మోస్తుంది. సంకరజాతి దూడలు దానికి చిన్న వయసులోనే చచ్చిపోతాయి. భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత ఉబ్బుతుంది, జ్వరం 105 దాటుతుంది, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది. దాని మందు బుపర్వాక్వోన్ మొదట్లోనే పడాలి, ఆలస్యమైతే నమ్మకం లేదు. అమెరికా 1906లో మొదలుపెట్టి 1943 నాటికి టెక్సాస్ జ్వరం (అక్కడ బబేసియా జబ్బు పేరు) పిడుదులను మెక్సికో సరిహద్దు దాకా తరిమేసింది. నిర్మూలించడం కుదరదని ఎవరన్నారు?

మందకాపరి: 37 ఏళ్లు, అదీ ప్రభుత్వం పూనుకుని పశువులను మందు తొట్టెల్లో ముంచితే! ఒక్క షెడ్డు వల్ల అవుతుందా? ఆడ పిడుదు ఒక్కటే వేలల్లో గుడ్లు పెడుతుంది. ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే పిడుదులే దానికి అలవాటు పడతాయి.

పశువులడాక్టర్: మీరిద్దరూ రెండు వేరే జబ్బుల గురించి పోట్లాడుకుంటున్నారు. మందకాపరి గారి మాట బబేసియా వరకు నిజం, అదీ ఏడాది పొడవునా పిడుదులుండే చోట. థైలేరియాకు దాన్ని అంటగట్టొద్దు. అది ముందు తెల్ల రక్తకణాల్లో చేరి వాటిని విపరీతంగా పెంచుతుంది, ఆ తర్వాతే ఎర్ర కణాల్లోకి వెళుతుంది. సంకరజాతి దూడకు వయసు అడ్డుపడదు. పైగా కరవనిస్తే మోతాదు మన చేతిలో ఉండదు. ఆ పని టీకా కొలతతో చేస్తుంది. ఆస్ట్రేలియాలో ప్లీహం తీసేసిన దూడల్లో పదే పదే ఎక్కించి బలం తగ్గించిన బబేసియాను 3–9 నెలల దూడలకు వేస్తారు. థైలేరియాకు ల్యాబ్‌లో పెంచిన కణాల టీకా ఉంది, ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి. రెండూ సజీవ టీకాలే.

మందకాపరి: టీకా దొరికితే సరే. దొరకని చోట బబేసియాకు నా మాట నాదే.

కొత్తపాడి: మా దూడలు సంకరజాతివే డాక్టర్ గారూ, మందు మానను. థైలేరియా టీకా గురించి అడుగుతా. కానీ ఎంత కొట్టినా వారంలో మళ్లీ పిడుదులు వస్తున్నాయే?

పశువులడాక్టర్: పశువు ఒంటికే కొడుతున్నారా? హయలోమా రక్తం తాగి కిందికి దిగి గోడ పగుళ్లలో దాక్కుంటుంది, గుడ్లూ అక్కడే పెడుతుంది. ముందు పగుళ్లు పూడ్చి, గోడలకూ మందు కొట్టండి. ఈసారి జ్వరమొస్తే ఇంజెక్షన్‌కు ముందే రక్తం పరీక్షకు పంపండి. బబేసియాకు వాడే డిమినాజిన్ థైలేరియాను నయం చేయదు.