బ్యాటరీ మనమే మార్చుకునే ఫోన్లు ఇప్పుడు దొరుకుతాయా?

ప్రశ్న:
నాలుగేళ్లుగా వాడుతున్న ఫోన్. స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, కెమెరా బ్రహ్మాండంగా ఉంది. బ్యాటరీ మాత్రం మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది. మార్పిద్దామని ఇస్తే, జిగురు వదలడానికి వెనక గాజు పలకని వేడిచేసి లేపుతున్నారు. నా కళ్లముందే ఈ మూల నుంచి ఆ మూలకి పగిలింది. "పాత మోడల్ కదండీ, కొత్తది తీసేసుకోండి" అన్నారు. అరిగిపోయింది ఒక్క బ్యాటరీ అయితే ఫోనంతా పారేయాలా? ఒళ్లు మండిపోయింది. అంతకుముందు వాడినదాంట్లో అంచున గోరు పెట్టి లేపితే మూత టప్పున ఊడేది. ఛార్జ్ చేసి ఉంచుకున్న ఇంకో బ్యాటరీ వేస్తే అర నిమిషంలో 100 శాతం! హెడ్‌ఫోన్ జాక్, మెమరీ కార్డు కూడా ఉండేవి. అలాంటివి ఇప్పుడున్నాయా? నీళ్లు దిగకుండా ఉండాలంటే అతికించక తప్పదంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
ఆ నీళ్ల మాట నమ్మకండి. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5కి మూత ఊడేది, జాక్ ఉండేది, కార్డు పట్టేది, అయినా ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీళ్లు చొరబడకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఉంది. మూత లోపల బ్యాటరీ చుట్టూ సన్నటి రబ్బరు, అదే కిటుకు. చుట్టూ నొక్కి బిగించాలంతే. మరుసటేడు ఎస్6లో ఊడే బ్యాటరీనీ, కార్డునీ తీసేశారు. ఇప్పుడైతే 2024లో వచ్చిన గెలాక్సీ ఎక్స్‌కవర్7 చూడండి. ఊడే బ్యాటరీ, జాక్, కార్డు, ఐపీ68 అన్నీ ఉన్నాయి. కాస్త మందం, నాకదే నచ్చింది, చేతికి పట్టు దొరుకుతుంది.

జవాబు 2:
బ్యాటరీ ఒక్కటే చూసి కొనకండి. అప్‌డేట్లు ఆగిపోతే కొన్నాళ్లకి బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి, అప్పుడు ఎంత మంచి బ్యాటరీ ఉన్నా లాభం లేదు. ఎన్నేళ్లిస్తారో ముందే చూడండి, గూగుల్ వాళ్ల పిక్సెల్ 8 ఫోనుకి ఏడేళ్లని 2023లోనే చెప్పారు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. మోడల్ అమ్మకాలు ఆగాక కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి, 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గకూడదు. అడిగితే వస్తుందండీ, మనం అడగడం మానేశాం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. నా పాతది ఆ ఎస్5యే! సొరుగులోంచి తీసి మూత లేపి చూశాను. ఇన్నేళ్లూ వాడి ఆ రబ్బరుని ఒక్కసారీ గమనించలేదు. వేలితో తడిమితే ఇప్పటికీ మెత్తగానే ఉంది. ఎక్స్‌కవర్7కి ఇంకా ఎన్నాళ్లు అప్‌డేట్లొస్తాయో కనుక్కుని చెబుతాను.