ఓమ్నీకి ఇంట్లోనే రోలర్‌తో పెయింట్ వేద్దామనుకుంటున్నా, ఎవరైనా వేశారా?

గోదారి_ఓమ్నీ:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి పక్కన. 2006 మోడల్ ఓమ్నీ, తెల్లది, నాన్నగారు కొన్నది, ఇప్పుడు నా చేతికొచ్చింది. వెనక సీటు మడిచి దాని మీద పరిచేలా మూడు ముక్కల ప్లైవుడ్ మంచం చేయించుకున్నా, ఒక చిన్న గ్యాస్ స్టవ్, 20 లీటర్ల వాటర్ క్యాన్, కిటికీలకి దోమతెర, అంతే. దాన్నే క్యాంపర్ వ్యాన్ అంటున్నానని ఇంట్లో వెక్కిరిస్తారు. మారేడుమిల్లి రెండుసార్లు, లంబసింగి ఒకసారి వెళ్లొచ్చాం, ఇంజన్ ఏ పేచీ పెట్టలేదు. పైకి చూస్తేనే పరువు పోతోంది. రూఫ్ మీద చెయ్యి పెడితే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లగా అంటుకుంటోంది, నీళ్లు జారే గట్టర్ పొడవునా తుప్పు, వెనక డోర్ కింద అంచు గోరుతో గీరితే పొరలు పొరలుగా ఊడొస్తోంది.

షెడ్డులో అడిగితే 35 వేలు చెప్పారు. ఆ డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. యూట్యూబ్‌లో ఫారిన్ వాళ్లు పాత వ్యాన్లకి గోడకి కొట్టినట్టు రోలర్‌తో కొట్టేస్తున్నారు, చూస్తే బాగానే ఉంది. నా ప్లాన్ ఏంటంటే సింథటిక్ ఎనామిల్, నాలుగంగుళాల రోలర్, పెరట్లో మామిడిచెట్టు నీడ, పండక్కి మిగిలిన వారం రోజుల సెలవు. రంగు మాత్రం మిలిటరీ జీపులా ఆలివ్ గ్రీన్, మ్యాట్. పాత పెయింట్ మీదే వేసేయొచ్చా, ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తప్పదా? ఎన్ని లీటర్లు కొనాలి? రోలర్ గీతలు కనిపిస్తాయా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, విన్నవాళ్లు కాదు.

ఆర్సీ_బుక్కు:
పెయింట్ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను రంగు గురించి ఒక్క మాట చెప్పి పోతా. ఆలివ్ గ్రీన్ వద్దు. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ రూలు చూడండి, రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరికీ ఆ రంగు వెయ్యకూడదు. చాలామంది జీపులకి వేసుకుని తిరుగుతున్నారు కదా అంటారు, ఆపేవాడు ఆపేదాకా తిరుగుతారు.

ఇంకే రంగు వేసినా ఆర్సీలో ఉన్న రంగుకి తేడా వస్తే ఆర్టీఏ ఆఫీసుకెళ్లి ఆర్సీలో మార్పించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పుకోవాలి. పైగా మీది 2006 బండి, పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుందిగా, ఆ రోజు బండిని తీసుకెళ్లి వాళ్ల ముందు నిలబెట్టాలి. తెలుపు మీద తెలుపే వేసుకోండి, ఏ కాగితమూ అక్కర్లేదు. ఇంకోటి, ఆ మంచం కోసం సీట్లు పీకేసి నట్లు బిగించేశారా? ఎత్తి పక్కన పెట్టేలా ఉంటే గొడవ లేదు.

గోదారి_ఓమ్నీ:
అయ్యో, ఆలివ్ గ్రీన్ సంగతి నిజంగా తెలీదండి. డబ్బా కొనకముందే చెప్పారు, థాంక్స్. మంచం ఊరికే పైన పరిచేదే, సీట్లు ముట్టుకోలేదు. సరే, తెలుపే.

చార్మినార్_చౌరస్తా:
బ్రో, ఏమనుకోకు గానీ రోలర్ గోడలకి. మా కజిన్ గిట్లనే ఆల్టోకి కొట్టిండు, దూరం నుంచి చూస్తే బత్తాయి తొక్క లెక్క కనిపిస్తది. 35 వేలు ఎక్కువనిపిస్తే ఇంకో రెండు షెడ్లల్ల అడుగు, బేరమాడు. ఇంట్ల కొట్టి తర్వాత షెడ్డుకిస్తే నువ్వేసింది మొత్తం గీకడానికి వాడు ఇంకో పది వేలు గుంజుతడు.

షెడ్డు_పిల్లోడు:
మా నాన్న తణుకులో ముప్పై ఏళ్లు లారీ బాడీలకి పెయింట్ వేశారండి, నేను ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నా గానీ స్కూలు సెలవులన్నీ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) కొడుతూనే గడిచాయి. పైన చౌరస్తా గారు చెప్పింది అబద్ధం కాదు, బత్తాయి తొక్క వస్తుంది, కానీ అది రోలర్ తప్పు కాదు, చిక్కటి పెయింట్‌ని బొచ్చు రోలర్‌తో ఎండలో కొట్టడం తప్పు. స్ప్రే గన్ రాకముందు బస్సులు, లారీలు అన్నీ బ్రష్షుతో వేసినవే కదా.

ముందు మీ బండికి ఉన్నది కంపెనీ పెయింటో, మధ్యలో ఎవరైనా వేశారో తెలుసుకోండి. గుడ్డ ముక్కకి కొంచెం ఎన్‌సీ థిన్నర్ (పెయింట్ పల్చన చేసే ఘాటు ద్రవం) పట్టించి డోర్ లోపలి వైపు ఎక్కడైనా కనపడని చోట రుద్దండి. ఏమీ రాకపోతే కంపెనీది, దాని మీద వేసుకోవచ్చు. గుడ్డకి రంగు గట్టిగా అంటుకుని పెయింట్ మెత్తబడితే తర్వాత వేసిన లోకల్ పెయింట్, అక్కడ ఘాటు థిన్నర్ ఉన్న సరుకు ఏది పడినా ముడతలు లేస్తుంది. రూఫ్ మీద సుద్దలా వచ్చేది ఎండకి చచ్చిపోయిన పెయింట్, అది వేరే విషయం, దాన్ని గట్టి పొర తగిలేదాకా రుద్ది తీసేయాల్సిందే, సుద్ద మీద ఏం వేసినా నిలవదు.

ఇక అసలు జబ్బు గట్టర్. ఓమ్నీలన్నిటికీ అక్కడే మొదలవుతుంది, దాని తర్వాత స్లైడింగ్ డోర్ పట్టా కింద, చక్రాల పైన లోపలి అంచు. గట్టర్‌లో కంపెనీ వాడు పోసిన సీలెంట్ ఎండి పగిలి ఉంటుంది, పగుళ్లలోంచి నీళ్లు కిందికి దిగుతాయి, పైన మాత్రం ఏమీ కనపడదు. పాత స్క్రూ డ్రైవర్ పెట్టి మొత్తం లేపేయండి, జాలి పడకండి. వైర్ బ్రష్ కొట్టి, రస్ట్ కన్వర్టర్ (తుప్పు మీద పూసే మందు) పూసి, డబ్బా మీద ఎంత టైమ్ రాస్తే అంత ఆగి, కడిగి బాగా ఆరబెట్టి, అప్పుడు ప్రైమర్, దాని మీద పీయూ (పాలీయురెథేన్) సీలెంట్. సిలికాన్ మాత్రం వద్దు. బాత్రూమ్‌కి వాడగా మిగిలిన ట్యూబు ఇంట్లో ఉంటుంది, చెయ్యి అటే పోతుంది, సిలికాన్ మీద పెయింట్ పట్టదు, అంతే. డాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్ లాంటివి బాడీకి ఎప్పుడైనా తగిలి ఉంటే అక్కడా చేప కళ్లలాగా గుండ్రంగా గుంటలు పడతాయి, అందుకే రుద్దక ముందే సబ్బు నీళ్లతో ఒకసారి, టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి తుడవాలి. రుద్దాక తుడిస్తే ఆ జిడ్డునంతా గీతల్లోకి దింపినట్టే.

రేకు కనిపించిన ప్రతిచోటా రెడ్ ఆక్సైడ్ తప్పదు, కానీ అది వేసేసి పది రోజులు మంచులో వదిలేయకండి, ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది, కింద మళ్లీ తుప్పే. గుంటలకి హార్డెనర్ కలిపే బాడీ ఫిల్లర్ వాడండి, గోడల లప్పం వాడినోళ్లని కూడా చూశాన్నేను, మొదటి వానకి అట్టు ఊడినట్టు ఊడింది.

ఇంకోటి, మామిడిచెట్టు కింద వద్దండి బాబూ. ఇప్పుడు పూత కాలం. తేనెమంచు పురుగు పట్టిందంటే పైనుంచి జిగురు రాలుతూనే ఉంటుంది, రేకు మీద అది ఎండాక కంటికి కనపడదు, పెయింట్‌కి కనపడుతుంది. టార్పాలిన్ కట్టుకుని బయట పెట్టుకోండి.

లెస్టర్_తెలుగోడు:
నేను చేశానండి, విన్నది కాదు. ఇంగ్లండ్‌లో ఉంటాం, పాత ఫోర్డ్ ట్రాన్సిట్ కొని క్యాంపర్ చేసుకున్నాం, రెండేళ్ల క్రితం డ్రైవ్‌వేలో నేనూ మా ఆవిడా కలిసి రోలర్‌తోనే వేశాం. ఇక్కడ కాలవల్లో తిరిగే సన్నటి పడవలుంటాయి, వాళ్లంతా ఎనామిల్‌ని రోలర్‌తో పరిచి వెంటనే బ్రష్షుతో సరిచేస్తారు, మేం కూడా అదే పద్ధతి. ఒకళ్లు రోలర్, ఒకళ్లు మెత్తటి బ్రష్. బ్రష్‌కి పెయింట్ ముంచకూడదు, చేతి బరువు కూడా వెయ్యకూడదు, నెమలీకతో రాసినట్టు పైపైన ఒకే దిక్కుగా లాగెయ్యడమే. బుడగలు పగిలి ఒక నిమిషంలో దానికదే సర్దుకుంటుంది. మళ్లీ వెనక్కెళ్లి ముట్టుకున్నారో, గీత పడిపోయినట్టే. అక్కడే మా ఇద్దరికీ గొడవయింది, అది వేరే కథ.

ఫోమ్ రోలర్ బాగా సన్న రంధ్రాలున్నది తీసుకోండి. పెయింట్‌లో పదో వంతు దాకా టర్పెంటైన్ కలిపితే సాఫీగా పారుతుంది. మొదటి కోటు చూసి భయపడకండి, కిందది మొత్తం కనిపిస్తుంది, పాడు చేశామనిపిస్తుంది, ఆ భయంతో మందంగా వేస్తే కారుతుంది. సన్నగా మూడు కోట్లు. ఒక ప్యానెల్ మొదలుపెడితే జాయింట్ దాకా ఆపకూడదు, ఫోన్ మోగినా సరే.

కిటికీ రబ్బర్ల దగ్గర ఒక చిట్కా. బట్టలారేసే ప్లాస్టిక్ తీగ ఉంటుంది కదా, దాన్ని రబ్బరు పెదవి కిందకి స్క్రూ డ్రైవర్ వెనక భాగంతో నెట్టుకుంటూ చుట్టూ పెట్టెయ్యండి. రబ్బరు రేకు నుంచి లేచి నిలబడుతుంది, పెయింట్ దాని కిందికి వెళ్తుంది, ఆరాక తీగ లాగేస్తే రబ్బరు మళ్లీ పడుకుంటుంది. టేప్ అంటించి వేస్తే రబ్బరు పక్కన పాత రంగు సన్నగా గీతలా మిగిలిపోతుంది, అది చూస్తేనే ఇంట్లో వేసిందని తెలిసిపోతుంది.

ఇక్కడ మా ఇబ్బంది చలి, పది డిగ్రీల కన్నా తగ్గితే ఆరదు. మీకు అటు ఎండ, ఇటు మంచు. మేం రంగు మార్చాం కాబట్టి డీవీఎల్ఏకి (ఇక్కడి ఆర్టీఏ లాంటిది) లాగ్‌బుక్, అంటే మన ఆర్సీ లాంటిది, పంపి అందులో మార్పించుకోవాల్సొచ్చింది, మీకు ఆ పని కూడా లేదు.

గోదారి_ఓమ్నీ:
చాలా చాలా థాంక్స్ అందరికీ. రెండు డౌట్లు. ఒకటి, మా ఊరి పెయింట్ షాపాయన ఎనామిల్ ఎందుకు సార్, హార్డెనర్ కలిపే పీయూ తీసుకెళ్లండి పదేళ్లు ఉంటుంది అంటున్నాడు. రెండు, లీటర్లు ఎవరూ చెప్పలేదు!

షెడ్డు_పిల్లోడు:
లీటరు ఎనామిల్ ఒక కోటుకి దాదాపు పది చదరపు మీటర్లు వస్తుందండి. ఓమ్నీ పొడవు మూడున్నర మీటర్లు కూడా లేదు, అద్దాలు తీసేస్తే బయటి రేకు పది పదకొండు చదరపు మీటర్లు ఉంటుందేమో. మూడు కోట్లకి మూడున్నర లీటర్లు, నాలుగు తీసుకుంటే రేపు గీతలు పడినప్పుడు టచప్‌కి ఉంటుంది. డబ్బాలన్నీ ఒకే బ్యాచ్ చూసుకోండి, తెలుపులోనూ తేడా వస్తుంది.

పీయూ గట్టిదే, కాదనను. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి పడదు, కొందరికి ఆస్తమా తెస్తుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. నాన్న చివరి పదేళ్లు దగ్గుతూనే ఉన్నారు, ఏది దేనివల్లో నాకు తెలీదు గానీ మీకు మాత్రం చెప్పను. ఇంట్లో పిల్లలుంటే అసలొద్దు. పైగా దాని థిన్నర్‌కి మామూలు ఫోమ్ రోలర్ ఉబ్బి ముక్కలు ముక్కలుగా పెయింట్‌లోనే ఊడుతుంది. ఎనామిల్ నాలుగైదేళ్లకి వెలుస్తుంది, వెలిస్తే మళ్లీ రోలర్ ఉందిగా. పాత పెయింట్‌ని మాత్రం తడిపే రుద్దండి, ఆ పొడి పీల్చకండి.

టైమింగ్ చెప్తా. పొద్దున్న మంచు ఆరాక ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపెయ్యాలి, ఆ తర్వాత రేకు వేడెక్కి రోలర్ పట్టుకుంటుంది. సాయంత్రం చల్లగా ఉంది కదా అని వేశారో, రాత్రి మంచుకి మెరుపు చచ్చి బూడిద కొట్టినట్టు అవుతుంది. కోటుకి కోటుకి మధ్య ఒక రాత్రి పూర్తిగా ఆగి, 600 నంబరు పేపర్‌తో తడిపి పైపైన కొట్టి వెయ్యండి. వారం సెలవు సరిపోదు అని ముందే చెప్తున్నా.

గోదారి_ఓమ్నీ:
అప్‌డేట్, ఐదు వారాల తర్వాత. అవును, వారం సరిపోలేదు.

గట్టర్ సీలెంట్ స్క్రూ డ్రైవర్‌తో లేపితే ఆత్రేయపురం మామిడి తాండ్రలా జానెడు జానెడు పట్టీలుగా వచ్చింది, దాని కింద గోధుమ రంగు పొడి, ఒకచోట వేలు పెడితే లోపలికి వెళ్లింది. అక్కడ వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి రెండు చోట్ల ముక్క వేయించా. ఒక్క గట్టరే నాలుగు రోజులు తిన్నది. మొత్తం రోజుల్లో పెయింట్ డబ్బా మూత తీసింది మూడు పొద్దున్నలు, ఒక సాయంత్రం, అంతే, మిగతాదంతా రుద్దుడే. మా ఆవిడ చేతికి రోలర్ ఇచ్చి బ్రష్ నేను పట్టుకున్నా. లెస్టర్ గారూ, మాకూ గొడవయింది.

తీగ చిట్కా సూపర్. ముందు అద్దం చుట్టూ చూస్తే షెడ్డులో వేసినట్టే ఉంది. రెండు పక్కలూ బాగా వచ్చాయి, నీడలో నిలబెడితే ఎదురింటి గేటు అందులో కనిపిస్తోంది, కొంచెం అలలు అలలుగా. రూఫ్ ఎవరూ చూడరులే అని రెండు కోట్లతో ఆపేశా. వెనక డోర్ మాత్రం తొందరపడి సాయంత్రం ఐదింటికి వేశా, షెడ్డు పిల్లోడు గారు చెప్పినట్టే పొద్దున్నకి పాలిపోయింది. దాన్ని నెలరోజులు గట్టిపడనిచ్చి, 1500 పేపర్‌తో కొట్టి రబ్బింగ్ కాంపౌండ్ వేసి చూస్తా, రాకపోతే ఇంకో కోటు. ఖర్చు వెల్డింగ్‌తో కలిపి తొమ్మిది వేల చిల్లర.

చార్మినార్_చౌరస్తా:
ఫొటో పెట్టు బ్రో. దూరం నుంచి తీసింది కాదు, దగ్గర నుంచి.

గోదారి_ఓమ్నీ:
రేపు పొద్దున్న కడిగి పెడతా. ప్రస్తుతం రూఫ్ మీద కొబ్బరి మట్ట పడింది.