పెళ్ళాం పిల్లలు, ఉద్యోగం ఉన్నోళ్ళకు ఆటలు అవసరమా?

బైరాగిపట్టెడ_షటిల్:
రోజూ పొద్దున ఓ గంట షటిల్ ఆడతాను. ఇంట్లో, ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "ఈ వయసులో ఆటలేంది, ఆ టైంలో పనికొచ్చేది ఏదైనా చేసుకోవచ్చు కదా" అని. పెద్దవాళ్ళకూ ఆట కావాలి, దానికి టైం ముందే తీసిపెట్టుకోవాలి అంటాను నేను. మిగిలినప్పుడు ఆడదాంలే అనుకుంటే అది ఎప్పటికీ మిగలదు. మీరేమంటారు?

అలిపిరి_నడక:
తమ్ముడూ, ఒంటికి కావాల్సింది కదలిక. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నేను అలిపిరి నుంచి మెట్లెక్కుతా. వ్యాయామమూ అయింది, స్వామి దర్శనమూ అయింది. నలభై దాటాక షటిల్ ఆడి మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. ఆటలు పిల్లలకే.

పులిమేక:
అన్నా, మీదంతా ఒంటి లెక్క. మెట్లెక్కేటప్పుడు కొండ చేరాలనే గురి ఉంటుంది, ఆటలో చేరాల్సిన చోటేమీ లేదు. పాత గుళ్ళలో, రచ్చబండల మీద పులిజూదం గీతలు చూసే ఉంటారు. 3 పులులు, 15 మేకలు. బండ మీద వాటిని చెక్కింది చిన్నపిల్లలైతే కాదు గదా! పులిని ఎటూ కదలకుండా కట్టేయడమెలా అని పెద్దోళ్ళే గంటలు గంటలు తల బద్దలు కొట్టుకున్నారు. తలకు పని ఉంటుంది, టెన్షన్ మాత్రం ఉండదు. ఆఫీసులో తప్పు చేస్తే మెమో. ఇక్కడైతే పక్కనోడు నవ్వుతాడు, మళ్ళీ మొదలుపెడతాం.

ఇంకోటి, మన తిరుపతి గంగమ్మ జాతర. మీసాలున్న మగాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని నడివీధిలో పోతుంటే "ఈ వయసులో ఇదేంది" అని ఎవరూ అడగరు. బండ వేషం వేసినోడు బూతులు తిట్టినా కోపం తెచ్చుకోరు.

అలిపిరి_నడక:
జాతర మొక్కు. ఆటతో పోల్చొద్దు.

పులిమేక:
మొక్కే, కాదన్లేదు. కానీ వేషం కట్టినప్పుడు మా చిన్నాయన ముఖంలో ఉండే హుషారు మిగతా ఏడాదంతా కనపడదు.

కొర్లగుంట_కుర్రోడు:
పేకాట కూడా ఆటేనా మరి?

బైరాగిపట్టెడ_షటిల్:
పందెం లేకుంటే ఆటే. డబ్బులు పెడితే పోలీసులొస్తారు.

తీరికలేని_అక్క:
ఇంతసేపు మగవాళ్ళే మాట్లాడుకుంటున్నారు, గమనించారా? 2019లో కేంద్రం చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెట్టేది 97. షటిల్ తమ్ముడి గంట ఎక్కడినుంచి వస్తోందో చూసుకోండి. ఆట వద్దనడం లేదు. స్కూల్లో ఖోఖో ఆడినదాన్ని, నాకూ ఆశే.

బైరాగిపట్టెడ_షటిల్:
మా కోర్టుకు ఆడవాళ్ళు రావద్దని ఎవరూ అనలేదక్కా.

తీరికలేని_అక్క:
అననక్కర్లేదు నాయనా. ఆ గంటలో పాలు, టిఫిను, పిల్లల బాక్సులు ఎవరు చూస్తారో ముందు తేల్చండి. మా వీధిలో ఆదివారం మధ్యాహ్నం నలుగురం అష్టాచెమ్మా వేస్తాం. ఆ రాత్రి వంట మగవాళ్ళది, అదీ ఒప్పందం. అలిపిరి అన్నా, వదినను కూడా పంపండి, గవ్వలు మా దగ్గరున్నాయి.

అలిపిరి_నడక:
నాకు ఉప్మా ఒక్కటే వచ్చునమ్మా. అయినా అడిగి చెప్తా.